జంగిల్: లండన్ టవర్ల మీద, దొంగ రేడియోల మీద బతికిన సంగీతం

1990ల నడుమ తూర్పు లండన్‌లో ఎఫ్ఎం ముల్లు మెల్లగా తిప్పుతూ పోతే, బీబీసీకీ లైసెన్సున్న స్టేషన్లకీ మధ్య సందుల్లో ఇంకో లోకం తగిలేది. నిమిషానికి 160 బీట్లు దాటి పరుగెత్తే డ్రమ్ములు, వాటి అడుగున తొందర లేకుండా కదిలే బేస్, ఆ రెండింటి మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఎంసీ, మధ్యమధ్యలో అతను చదివే ఫోన్ నంబరు. దీనికి జంగిల్ అని పేరు. ఆ తర్వాత వచ్చిన డ్రమ్ అండ్ బేస్‌కి ఇదే పుట్టిల్లు. తర్వాతి లండన్ శైలులైన గరాజ్, గ్రైమ్, డబ్‌స్టెప్‌లకు కూడా ఇదే స్టేషన్లు, ఇదే డబ్‌ప్లేట్ల (ఒక్క ప్రతిగా కోసే రికార్డుల) పద్ధతి ఆస్తిగా దక్కాయి.

అండర్‌గ్రౌండ్ అనగానే కావాలని జనానికి దూరంగా ఉండే ఒక వైఖరి అనుకుంటాం. జంగిల్‌ను దగ్గరగా చూస్తే ఆ మాట సగమే నిజం. ఆ సంగీతంలో వింతగా వినిపించే ప్రతి లక్షణం వెనకా ఓ గట్టి భౌతిక కారణం ఉంది. శాంప్లర్‌లో (ధ్వని ముక్కల్ని పట్టి మళ్లీ వాయించే యంత్రంలో) మెమరీ చాలకపోవడం, రికార్డు గాడి లోతు, మేడ ఎత్తు, పార్లమెంటు చేసిన చట్టం. వీటిని తెలుసుకోకుండా పాటల జాబితా ఎంత పొడుగు చదివినా జంగిల్ అంతుపట్టదు.

కింగ్‌స్టన్ నుంచి వచ్చిన అలవాట్లు

1950ల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రేడియోగానీ, రికార్డులు కొనే స్తోమతగానీ లేని పేటలకు సంగీతం అందించింది సౌండ్ సిస్టమ్‌లు. మనిషెత్తు స్పీకర్ పెట్టెలు, వాల్వు ఆంప్లిఫయర్, ఒక టర్న్‌టేబుల్, ఒక మైకు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటి యజమానుల మధ్య పోటీ ఎంత ముదిరిందంటే, అమెరికా నుంచి తెచ్చిన రికార్డు పేరు అవతలివాడికి తెలియకూడదని లేబుల్ గీకేసేవారు. ఎవరి దగ్గరా లేని పాట తన దగ్గర ఉండటమే బలం. కొన్నాళ్లకు బయటి రికార్డు వెతుక్కోవడం మాని, తమ కోసమే ఒక్క ప్రతి కోయించుకోవడం మొదలుపెట్టారు. అదే డబ్‌ప్లేట్. రేడియోలు బాగుచేసే కింగ్ టబ్బీ, ఉన్న పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్మునీ బేస్‌నీ ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులు పూసి డబ్ అనే కొత్త పద్ధతికి రూపమిచ్చాడు.

1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ టిల్‌బరీ రేవుకు చేరాక, కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు వలసలు పెరిగాయి. నల్లవాళ్లను లోపలికి రానివ్వని పబ్బులు, క్లబ్బులు చాలా ఉండేవి. దాంతో ఇళ్ల నేలమాళిగల్లోనే పార్టీలు జరిగాయి, సౌండ్ సిస్టమ్‌లూ అక్కడే పెరిగాయి. 1980ల్లో దక్షిణ లండన్‌లో సాక్సన్ సౌండ్ మైకు దగ్గర పుట్టిన ‘ఫాస్ట్ చాట్’, అంటే ఊపిరి సలపనంత వేగంగా పదాలు పేర్చే తీరు, తర్వాతి తరం జంగిల్ ఎంసీలకు సిద్ధంగా దొరికింది.

రెండో పాయ అమెరికాది. షికాగో హౌస్, డెట్రాయిట్ టెక్నో రికార్డులు 1980ల రెండో సగంలో లండన్ చేరాయి. 1988, 89ల్లో ఎం25 రింగు రోడ్డు చుట్టూ పొలాల్లో, ఖాళీ గోదాముల్లో వేలమందితో రేవ్‌లు, అంటే రాత్రంతా సాగే డాన్సు పార్టీలు, జరిగాయి. వేదిక ఎక్కడో చివరి గంట దాకా చెప్పేవారు కాదు. టికెట్ మీద ఒక ఫోన్ నంబరు ఉండేది, ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఫలానా సర్వీస్ స్టేషన్ దగ్గరికి రమ్మనేది. పోలీసులకు చిరునామా తెలిసేసరికి వేలమంది లోపల ఉండేవారు, అంతమందిని చీకట్లో బయటికి తోలడం కంటే వదిలేయడమే క్షేమమని ఊరుకోవాల్సి వచ్చేది. 1990లో పార్లమెంటు ఒక చట్టం తెచ్చింది. అనుమతి లేని వినోద కార్యక్రమానికి జరిమానా 20,000 పౌండ్ల దాకా, జైలు 6 నెలల దాకా. పొలాల్లో వ్యాపార రేవ్‌లకు అక్కడితో లెక్క కుదరలేదు. జనం లైసెన్సున్న హాళ్లకూ నగరంలోకీ తిరిగొచ్చారు.

అక్కడ ఈ రెండు పాయలూ కలిశాయి. హాక్నీ ప్రాంతం నుంచి వచ్చిన షట్ అప్ అండ్ డాన్స్ బృందం హిప్‌హాప్ డ్రమ్ముల్ని హౌస్ వేగానికి లాగింది. చేరింగ్ క్రాస్ దగ్గరి హెవెన్ క్లబ్బులో ‘రేజ్’ రాత్రుల్లో ఫాబియో, గ్రూవ్‌రైడర్ అనే డీజేలు రికార్డుల్ని పిచ్ పెంచి, అసలు వేగం మించి తోలేవారు. ఆ ఊపు చూసి ఇళ్లలో పాటలు చేసేవాళ్లు తరవాతి పాటను మొదటే ఇంకాస్త వేగంగా చేశారు. 125 చుట్టూ ఉన్న వేగం 1994కల్లా 160 దాటింది.

ఏడు సెకన్ల డ్రమ్ము

1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ సోల్ బృందం ఒక సింగిల్ విడుదల చేసింది. దాని రెండో వైపు ఉన్న ‘ఆమెన్, బ్రదర్’ నడుమ మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి, గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు డ్రమ్ము వాయిస్తాడు. వేగం 137 దరిదాపుల్లో. నాలుగు బార్లంటే 16 బీట్లు, 16ను 60తో గుణించి 137తో భాగిస్తే 7 సెకన్లు. జంగిల్ పాటల్లో ఇంత ఎక్కువగా వాడిన డ్రమ్ము ముక్క ఇంకోటి లేదు.

ఇదే ఎందుకు? మొదటి రెండు బార్లూ ఒకటే. మూడో బారులో చివరి స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ ఉండాల్సిన చోటు కంటే ఆలస్యంగా పడుతుంది. నాలుగో బారు మొదటి బీటు ఖాళీ, ఆ తర్వాత క్రాష్ సింబల్ అనుకున్నదాని కంటే ముందే మోగుతుంది. పెద్ద దెబ్బల మధ్య స్నేర్ మీద చిన్నచిన్న ‘దెయ్యపు’ తట్లు కూడా వినిపిస్తాయి. అంటే ఏడు సెకన్లలోనే కావలసినన్ని రకాల ముక్కలు దొరుకుతాయి. పైగా ఆ రికార్డింగులో సింబల్ గరగర, గది హోరు కలిసే ఉన్నాయి. ముక్కలు చేసి ఎలా తిరగేసినా ఆ హోరు వాటిని ఒకే వాయిద్యంలా కలిపి ఉంచుతుంది.

ఇళ్లలో ఉన్న పరికరాల జత సాధారణంగా ఒక అటారీ ఎస్టీ కంప్యూటర్, ఒక అకాయ్ ఎస్950 శాంప్లర్. అటారీకి మిడీ పోర్టులు (వాయిద్యాల్ని కంప్యూటర్‌తో కలిపేవి) ఫ్యాక్టరీ నుంచే ఉంటాయి, విడిగా కార్డు కొనక్కర్లేదు. దానిలో క్యూబేస్ సాఫ్ట్‌వేర్ నడిచేది. ఎస్950 1988 నాటిది: 12 బిట్లు, ఒకేసారి 8 ధ్వనులు, మెమరీ 750 కిలోబైట్లు, పెంచుకుంటే 2.25 మెగాబైట్లు. ఈ రోజు వాట్సాప్‌లో వచ్చే ఒక ఫోటో అందులో పట్టకపోవచ్చు.

పని ఇలా సాగుతుంది. ముందు రికార్డు నుంచి బ్రేక్‌ను, అంటే ఆ డ్రమ్ము ముక్కను, శాంప్లర్‌లోకి తీసుకోవాలి. మెమరీ మిగుల్చుకోవడానికి 33 వేగపు రికార్డును 45లో తిప్పి శాంపిల్ చేసేవారు. 7 సెకన్లది 5.2 సెకన్లలో అయిపోతుంది, లోపల పిచ్ దించి మళ్లీ సాగదీసుకోవచ్చు. దించినప్పుడు పై ఫ్రీక్వెన్సీలు కొంత పోయి ధ్వని మసకగా, బరువుగా తయారవుతుంది. జంగిల్ డ్రమ్ముల్లోని ఆ మట్టి రుచికి 12 బిట్ల గరుకుతనంతో పాటు ఈ పిసినారితనమూ కారణమే.

తర్వాత ముక్కలు కోయడం. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్, చిన్న స్నేర్ తట్టు, హై-హ్యాట్ (జంట తాళాలు), క్రాష్ ఒక్కోదాన్నీ విడదీసి కీబోర్డు మీద ఒక్కో మీటకు కేటాయిస్తారు. 137 వేగంలో బీటులో నాలుగో వంతు 109 మిల్లీసెకన్లు, 165లో 91. పిచ్ మార్చకుండా పాత ముక్కను కొత్త వేగంలో పెడితే ప్రతి ముక్క తోకా 18 మిల్లీసెకన్లు తరవాతి దెబ్బ మీదికి ఒరుగుతుంది. అలాగే వదిలేస్తే డ్రమ్ము ముద్దయిపోతుంది. కాబట్టి కొత్త ముక్క మొదలవగానే పాతది ఆగిపోయేలా అమర్చాలి. మరీ పొట్టిగా కోస్తే ముక్కల మధ్య నిశ్శబ్దం పడి ఊపు తెగుతుంది. తరంగం సున్నా గీతను దాటే చోట కాకుండా మధ్యలో కోస్తే టక్కుమని చప్పుడు వస్తుంది. ఇలా కోయకుండా మొత్తం బ్రేక్‌నే వేగంగా తిప్పితే 137 నుంచి 165కి వెళ్లేసరికి పిచ్ మూడు సెమీటోన్ల పైచిలుకు పెరుగుతుంది, స్నేర్ రేకు డబ్బా మోతలా పలుచబడుతుంది. జంగిల్‌కు ముందు నడిచిన 1992 నాటి హార్డ్‌కోర్ పాటల్లో చిలక గొంతులు వినిపించడానికి కారణం కూడా ఈ లెక్కే.

వేగం మారినా శ్రుతి మారకూడదంటే టైమ్-స్ట్రెచ్ చేయాలి. యంత్రం ధ్వనిని చిన్న గింజలుగా కోసి, ఒక్కో గింజనూ మళ్లీ మళ్లీ పేర్చి పొడుగు చేస్తుంది. గింజ కొలత ధ్వనితో కుదరకపోతే ఆ అతుకులు లోహపు గరగరలా బయటపడతాయి. నిజానికది లోపం. రగ్గా (రెగె నుంచి వచ్చిన జమైకా డాన్సు సంగీతం) పాటగాడి గొంతును బాగా సాగదీసి, ఆ గరగరనే ఉద్దేశపూర్వకంగా వినిపించడం జంగిల్ ముద్రల్లో ఒకటైంది. గోల్డీ 1992లో మెటల్‌హెడ్స్ పేరుతో చేసిన ‘టెర్మినేటర్’లో డ్రమ్ముల వేగం కదలకుండానే పిచ్ పైకెక్కుతూ పోతుంది. లండన్‌లో మిగతా నిర్మాతలు ఆ పని ఏ యంత్రంతో ఎలా చేశారో తెలుసుకోవాలని తల బద్దలు కొట్టుకున్నారు.

ఆ ఏడు సెకన్లు వాయించిన కోల్‌మన్‌కు ఒక్క పైసా రాలేదు. 2006లో పేదరికంలో చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు కూడా దశాబ్దాలు రాయల్టీ అందలేదు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చారు. కార్పొరేట్లను ఎదిరించిన సంగీతమని జంగిల్ గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

రెండు కాలాలు ఒకేసారి

165లో డ్రమ్ములు పరుగెడుతుంటే మనిషి ఎలా ఆడతాడు? కిటుకు బేస్‌లో ఉంది. బేస్ లైను సరిగ్గా సగం వేగంలో, 82.5లో నడుస్తుంది. అది రెగె నడక. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: బేస్ మొదటి కాలంలో, డ్రమ్ములు రెండో కాలంలో ఒకే ఆవర్తంలో నడుస్తున్నాయి. ఒంట్లో ఓపికున్నవాడు డ్రమ్ముల్ని పట్టుకుంటాడు, లేనివాడు బేస్‌తో పాటు నింపాదిగా ఊగుతాడు. రగ్గా పాటగాళ్ల గొంతులు ఇందులో అంత సులువుగా ఇమడటానికీ ఇదే కారణం. వాళ్లు పాడిన వేగం ఆ సగానికి దగ్గర.

బేస్ కోసం ఖరీదైన సింథ్ అవసరం పడలేదు. రోలాండ్ 808 డ్రమ్ మెషిన్ కిక్‌ను శాంపిల్ చేసి దాని పొడుగాటి తోకను కీబోర్డు మీద స్వరాలుగా వాయించేవారు. శాంప్లర్ తనను తాను పరీక్షించుకోవడానికి పెట్టుకున్న సైన్ తరంగాన్ని కూడా వదల్లేదు. వీటిలో పై హార్మోనిక్స్ దాదాపు ఉండవు కాబట్టి బేస్, డ్రమ్ముల దారికి అడ్డు రాదు. గిటార్ బేస్ లాంటి మందమైన ధ్వని పెట్టి ఉంటే రెండూ ఒకదాన్నొకటి మింగేసేవి.

డబ్‌ప్లేట్: అరిగిపోవడమే విలువ

శుక్రవారం పాట పూర్తయింది, శనివారం రాత్రి డీజే దాన్ని వేయాలి. ఫ్యాక్టరీలో రికార్డు అచ్చు వేయించాలంటే వారాలు పడుతుంది. అందుకని పాటను డాట్ టేపు (డిజిటల్ క్యాసెట్) మీద పట్టుకుని మ్యూజిక్ హౌస్ లాంటి కటింగ్ గదికి వెళ్లేవారు. అంతకు ముందు రెగె సౌండ్ సిస్టమ్‌లకు ప్లేట్లు కోసిన చోటే ఇప్పుడు జంగిల్ డీజేలు వరసలో నిలబడ్డారు. ఆ వరస కూడా ముఖ్యమే. ముందున్నవాడి పాట కోస్తుంటే వెనకున్నవాళ్లందరికీ వినిపిస్తుంది. ఎవరు ఏం చేస్తున్నారో, ఏ బ్రేక్ కొత్తగా దొరికిందో అక్కడే తెలిసిపోయేది. పోటీదారులందరినీ వారానికోసారి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టే గది లేకపోతే ఈ శైలి అంత వేగంగా మారేది కాదని నా నమ్మకం.

ప్లేటంటే అల్యూమినియం బిళ్ల మీద నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత, ఎక్కువగా 10 అంగుళాలది. వేడెక్కించిన సూది తిరుగుతున్న బిళ్ల మీద గాడి కోస్తూ పోతుంది. కోతలో లేచే వెంట్రుకలాంటి పీచును గొట్టంతో పీల్చేయాలి. పీచు సూదికి చుట్టుకుంటే ప్లేటు పాడవుతుంది, దానికి ఇట్టే నిప్పంటుకునే గుణం కూడా ఉంది.

గాడికి కొన్ని నియమాలున్నాయి. ఎడమ, కుడి ధ్వనులు ఒకటిగా ఉంటే సూది పక్కలకు కదులుతుంది. అవి ఒకదానికొకటి ఎదురు దశలో ఉంటే పైకీ కిందికీ కదులుతుంది. లోతైన బేస్‌ను అలా ఎదురు దశలో పెడితే ఒక చోట గాడి పూర్తిగా మాయమై, డీజే సూది ఎగిరిపడుతుంది. అందుకే బేస్‌ను ఖచ్చితంగా మోనోలో పెడతారు. బేస్ ఎంత బలంగా ఉంటే గాడి అంత వెడల్పుగా ఊగుతుంది, పక్క గాడికి తగలకుండా ఎడం ఎక్కువ ఇవ్వాలి, దాంతో ప్లేటు మీద పట్టే సమయం తగ్గుతుంది. 45 వేగంలో, క్లబ్బుకు సరిపడా మోతతో, 10 అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు ఒక్క పాటే. హై-హ్యాట్లు మరీ పదునుగా ఉంటే కోసే తల వేడెక్కిపోతుంది, కాబట్టి ఇంజనీరు వాటిని కాస్త మెత్తబరుస్తాడు. పాట చేసినవాడు తన మిక్స్‌లోని తప్పుల్ని తొలిసారి తెలుసుకునేది తరచూ ఇక్కడే.

లాకర్ మెత్తన. సూది తిరిగే కొద్దీ పై ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి, ఆ తర్వాత గరగర మొదలవుతుంది. కొన్ని పదుల సార్లు వేస్తే ప్లేటు పని అయిపోయినట్టే. ఈ లోపం మీదే ఒక ఆర్థిక వ్యవస్థ నిలబడింది. డీజే ప్లేటుకు సొంత డబ్బు పెడతాడు కాబట్టి బాగా ఆలోచించి ఎంచుకుంటాడు. ఆ పాట నెలల తరబడి నలుగురైదుగురి సంచుల్లోనే ఉంటుంది. జనం దాన్ని వినాలంటే ఆ డాన్సుకు వెళ్లాలి, లేదా రేడియో పట్టుకోవాలి. గిరాకీ పండాక మాత్రమే దుకాణాలకు తెల్ల లేబుల్ వినైల్ వస్తుంది. ప్రచారానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, అమ్ముడుపోతుందో లేదో ముందే తెలిసిపోతుంది.

మేడ మీద ట్రాన్స్‌మిటర్

కూల్ ఎఫ్ఎం 1991లో హాక్నీలో మొదలైంది, 94.5 మెగాహెర్ట్జ్ మీద. రిన్స్ 1994లో వచ్చింది. ఇలాంటి లైసెన్సు లేని స్టేషన్లు లండన్ మీద పదుల్లో ఉండేవి. వీటికి నగరపాలక సంస్థలు కట్టిన ఎత్తైన ఇళ్ల సముదాయాలు కలిసొచ్చాయి. ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు మేర వరకే వెళ్తాయి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 20 అంతస్తుల మేడ సుమారు 60 మీటర్లు: 32 కిలోమీటర్లు. అదే ట్రాన్స్‌మిటర్ రెండంతస్తుల ఇంటి మీద, 8 మీటర్ల ఎత్తులో ఉంటే 12 కిలోమీటర్లు కూడా రాదు, మధ్యలో మేడలు అడ్డొస్తే అదీ లేదు. కొన్ని పదుల వాట్లతో సగం లండన్‌కు వినిపించగలిగారంటే ఆ గొప్ప ఎత్తుదే.

94.5 మీద తరంగదైర్ఘ్యం 3.17 మీటర్లు. డైపోల్ యాంటెన్నా ఒక్కో చేయి అందులో నాలుగో వంతు కంటే కాస్త తక్కువ, సుమారు 75 సెంటీమీటర్లు. కార్ల యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి కాబట్టి దీన్నీ నిలువుగానే కట్టేవారు. కరెంటు తరచూ లిఫ్టు మోటారు గది నుంచి వచ్చేది. యాంటెన్నా కొలత తప్పినా, వానకు కనెక్టర్‌లో తడి చేరినా, పంపిన శక్తిలో కొంత వెనక్కి తన్ని చివరి ట్రాన్సిస్టరును కాల్చేస్తుంది. స్టేషన్ ఉన్నట్టుండి మూగబోతే ప్రతిసారీ దాడి జరిగినట్టు కాదు.

పట్టుబడటం మాత్రం పెద్ద బెడద. వాణిజ్య, పరిశ్రమల శాఖ కిందున్న రేడియో అధికారులు దిశను పసిగట్టే వ్యాన్లతో వచ్చేవారు. ఎఫ్ఎం సిగ్నల్ వెంబడి వెళ్తే దొరికేది పైకప్పు మీది పెట్టె మాత్రమే, స్టూడియో కాదు. ఎందుకంటే స్టూడియో వేరే మేడలో, ఏదో ఖాళీ ఫ్లాటు వంటగదిలో ఉండేది. అక్కడి నుంచి పైకప్పుకు ధ్వనిని ఇంకో సన్నని లింకు ద్వారా పంపేవారు. పాత టీవీ ప్రసారాలు ఖాళీ చేసిపోయిన వీహెచ్ఎఫ్ బ్యాండు ఒక దారి. మైక్రోవేవ్ ఇంకో దారి. ఇన్‌ఫ్రారెడ్ మూడోది, దాన్ని కనిపెట్టడం చాలా కష్టం గానీ దట్టమైన మంచు పడితే ప్రసారం తెగిపోతుంది. పైకప్పు పెట్టె పోతే కొన్ని వందల పౌండ్ల నష్టం. రికార్డులు, టర్న్‌టేబుళ్లు, మనుషులు క్షేమం. రెండో పెట్టె సిద్ధంగా ఉంటే ఆ సాయంత్రానికే మళ్లీ గాలిలోకి వచ్చేవారు. పెట్టెల్ని అధికారులే కాదు, పోటీ స్టేషన్లవాళ్లూ ఎత్తుకుపోయేవారు.

అధికారుల ఫిర్యాదు ఉత్త సాకు కూడా కాదు. ఎఫ్ఎం బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, విమానాల బ్యాండు అక్కడే మొదలై 137 దాకా వెళ్తుంది. ఒకే పైకప్పు మీద రెండు ట్రాన్స్‌మిటర్లు ఫిల్టర్లు లేకుండా పనిచేస్తే అవి కలిసి మూడో సిగ్నల్‌ను పుట్టిస్తాయి. ఉదాహరణకు 107.3, 94.5 అనుకుందాం. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేస్తే 120.1, అంటే పైలట్ల చెవిలో. ఆరితేరిన ఇంజనీర్లు ఫిల్టరు పెట్టేవారు, కుర్ర స్టేషన్లు చాలాసార్లు పెట్టేవి కావు.

ధ్వని విషయానికొస్తే, ఎఫ్ఎంలో సిగ్నల్ అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ మించి ఊగకూడదు. యూరప్ పద్ధతిలో పంపేముందు పై ఫ్రీక్వెన్సీల్ని పెంచుతారు, రేడియో వాటిని తిరిగి తగ్గిస్తుంది. అసలే పదునైన జంగిల్ సింబళ్లు ఈ పెంపుతో ముందుగా గీత దాటుతాయి. లిమిటర్ (మోత హద్దు దాటకుండా ఆపే పరికరం) లేకపోతే ఎంసీ ‘స’ అన్నప్పుడల్లా, క్రాష్ పడినప్పుడల్లా స్పీకర్ చీరుకుపోతుంది. ఆ కాలం క్యాసెట్లలో వినిపించే ఆ చీరుడు శైలి అనుకునేవాళ్లున్నారు. చాలావరకు అది లిమిటర్ కొనకపోవడమే.

డబ్బు సంగతి చాలామందికి తెలియదు. చాలా స్టేషన్లలో డీజేకు జీతం లేదు సరికదా, అతనే స్టేషన్‌కు వారం వారం చందా కట్టేవాడు. మిగతా ఆదాయం డాన్సుల ప్రకటనల నుంచి వచ్చేది. డీజేకు దక్కేది పేరు, ఆ పేరుతో డాన్సుల్లో పని. వినేవాళ్ల స్పందన ఫోన్‌లో తెలిసేది. మొబైళ్లు చౌకయ్యాక, గరాజ్, గ్రైమ్ రోజుల్లో, స్టూడియో నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే పాట నచ్చినట్టు లెక్క. కాల్స్ వరసగా మోగితే డీజే రికార్డును చేత్తో వెనక్కి తిప్పి మొదటి నుంచి వేయాలి. ఖర్చు లేకుండా అభిప్రాయం చెప్పడానికి మిస్డ్ కాల్‌ను మించిన సాధనం లేదని మనకు కొత్తగా చెప్పాలా!

హాల్లో

50 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. గోడలు, తలుపులు దానికి లెక్క కాదు. పక్కింటివాళ్లకు డ్రమ్ములు వినిపించవు, బేస్ మాత్రం మంచం కోళ్లలోంచి ఎక్కుతుంది. ఈ డాన్సులు పారిశ్రామిక వాడల్లో, రైల్వే వంతెనల కింది గదుల్లో చోటు వెతుక్కున్నది అందాల కోసం కాదు, రాత్రి ఇరుగుపొరుగు ఉండరని. లోపల రెండు బేస్ దొంతరల్లో ఒకదాని తీగలు తిరగేసి కలిపితే, రెండు తరంగాలూ హాలు నడుమ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వేల వాట్లున్నా మధ్యలో నిలబడ్డవాడి ఛాతీకి ఏమీ తగలదు. బేస్ ప్రకంపన టర్న్‌టేబుల్ బల్ల ఎక్కితే సూది దాన్నే మళ్లీ చదివి హోరు మొదలవుతుంది. కింద బరువైన సిమెంటు పలకలు, వాటి కింద రబ్బరు పెడితేగానీ తగ్గదు.

చట్టం, పేరు, లైసెన్సు

1992 మే నెలలో వూస్టర్‌షైర్‌లోని కాసిల్‌మార్టన్ మైదానంలో వారం పాటు ఉచిత రేవ్ జరిగింది. వేలమంది వచ్చారు. దాని పర్యవసానమే 1994 నేర న్యాయ చట్టం, 63వ సెక్షన్. రాత్రిపూట ఆరుబయట వందమందికి పైగా గుమిగూడి సంగీతం మోగిస్తే చెదరగొట్టే అధికారం పోలీసులకు వచ్చింది. సంగీతమంటే ‘వరసగా పునరావృతమయ్యే బీట్లు’ ప్రధానంగా ఉన్న ధ్వనులు కూడా అని చట్టంలోనే రాశారు. ఆటెకర్ అనే బృందం ఆ ఏడాదే ఏ రెండు బార్లూ ఒకేలా లేని పాట ఒకటి విడుదల చేసి వెక్కిరించింది. 2003లో వందను ఇరవైకి దించారు. నగర హాళ్లలో, రేడియోలో పాతుకున్న జంగిల్‌కు ఈ దెబ్బ నేరుగా తగల్లేదు. తగిలింది ఊరి బయట టెక్నో పార్టీలకు. రేవ్ సంస్కృతినంతటినీ ఒకే గాటన కట్టి రాసే వ్యాసాల్లో ఈ తేడా కనబడదు.

జంగిల్‌కు వచ్చిన ఇబ్బంది వేరు. 1995 తర్వాత పత్రికలూ కంపెనీలూ ‘డ్రమ్ అండ్ బేస్’ అనే పేరును ఇష్టపడ్డాయి. రగ్గా గొంతులు తగ్గాయి, 1997లో రోనీ సైజ్ బృందానికి బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. హాక్స్‌టన్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో ఆదివారాలు గోల్డీ మెటల్‌హెడ్జ్ రాత్రులు నడుస్తుంటే, అదే చోట సోమవారాలు తల్వీన్ సింగ్ ‘అనోఖా’ పేరుతో తబలాను బ్రేక్‌బీట్ల పక్కన కూర్చోబెట్టాడు. అతని ఆల్బమ్‌కు 1999లో అదే బహుమతి దక్కింది. నల్లజాతి కుర్రాళ్లు ఎక్కువగా వచ్చే రాత్రుల మీద మాత్రం అనుమానం పోలేదు. 2005లో లండన్ పోలీసులు సంగీత కార్యక్రమాలకు ముందు నిర్వాహకులు నింపి ఇవ్వాల్సిన 696 నంబరు ఫారం తెచ్చారు. ఏ రకం సంగీతం, ఏ జాతివాళ్లు వస్తారు అనే ప్రశ్నలు కూడా ఒక దశలో అందులో ఉన్నాయి. అది 2017 నవంబరులో రద్దయ్యేలోపు ఎన్నో గ్రైమ్ రాత్రులు జరగకుండానే పోయాయి.

రిన్స్ వ్యవస్థాపకుల్లో ఒకడైన డీజే స్లిమ్జీకి 2005లో కోర్టు ఒక ఆంక్ష పెట్టింది: నాలుగో అంతస్తు దాటి మేడలెక్కకూడదు. అయిదేళ్ల తర్వాత, 2010లో, అదే రిన్స్‌కు ప్రభుత్వ సంస్థ ఆఫ్‌కామ్ కమ్యూనిటీ లైసెన్సు ఇచ్చింది. అప్పటికి పాటలు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి, డీజేలు సీడీలకూ యూఎస్బీ పుల్లలకూ మారుతున్నారు, కటింగ్ గదుల వరసలు కరిగిపోయాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో మెమరీకి కొదవ లేదు. జంగిల్ చేయాలనుకునే కుర్రాళ్లు మాత్రం ధ్వనిని మళ్లీ 12 బిట్లకు దిగ్గోసే ప్లగిన్లు కొంటున్నారు.

వినాలనుకునేవాళ్లకు ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. అందులో 50 హెర్ట్జ్ రానే రాదు, అంటే 82.5లో నడిచే ఆ సగం పాట మీకు చేరదు. మిగిలేది డ్రమ్ముల గోల. ఒక మోస్తరు హెడ్‌ఫోన్స్ చాలు, లేకపోతే వూఫర్ ఉన్న కారు. 1993, 94 నాటి కూల్ ఎఫ్ఎం క్యాసెట్ రికార్డింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మొదట బేస్‌నే పట్టుకుని వినండి, డ్రమ్ముల్ని పట్టించుకోకండి. పది నిమిషాల్లో అవి వాటంతటవే విడివడి వినిపించడం మొదలవుతుంది.